పాత బ్రిటిష్ నావికుల మడతకత్తులు – 3వ పాఠం: ముద్రలు చదవడం

గత పాఠంలో కత్తి రూపం చూశాం: తిన్నటి అంచు, కొసన వంగి దాన్ని కలిసే వీపు, తాడు పురులు విడదీసే స్పైకు, మెడతాడు కట్టే కడియం. ఈసారి అలుగు మొదట్లో, పిడికి ఆనుకుని ఉండే ముద్రలు.

ముందుగా తుప్పు గీకకండి. ఎమెరీ కాగితం ఒక్కసారి తగిలినా లోతులేని ముద్ర పోతుంది, మళ్లీ రాదు. ఒక చుక్క కుట్టుమిషను నూనె వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున వెదురుపుల్లకు దూది చుట్టి తుడవండి. గది చీకటి చేసి, టార్చి వెలుగు అలుగు మీద బాగా ఏటవాలుగా పడేట్టు పట్టుకుని పదింతల భూతద్దంతో చూడండి. ఎదురు వెలుగులో దొరకని అక్షరం అప్పుడు నీడతో తేలుతుంది.

ఎక్కువమంది మోసపోయేది మూడు గీతల బాణం దగ్గర. అది ఉంటే చాలు, నేవీ కత్తి అని అమ్మేస్తారు. నిజానికి అది బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తి అని మాత్రమే చెబుతుంది. సైన్యం సరుకు మీదా అదే గుర్తు. స్పైకు కూడా సాక్ష్యం కాదు, 1905 నాటి సైనిక నమూనాకూ స్పైకు ఉంది. బాణం 'సి' లోపల ఉంటే కెనడా, రెండు 'డి'ల మధ్య ఉంటే ఆస్ట్రేలియా. రెండు బాణాలు మొనకు మొన ఆనితే ప్రభుత్వం వదిలించుకున్న సరుకు. నేవీదే అనడానికి ఓడ పేరో, నావికుడి కాగితాలో తోడుండాలి. అవి లేకుంటే 'సర్వీసు కత్తి' (ఏ దళానిదో తేలని ప్రభుత్వ కత్తి) అని రాసుకోవడమే సరైనది.

కాలం తేల్చడానికి: కిరీటంతో వి.ఆర్. విక్టోరియా (1837–1901), ఇ.ఆర్. ఏడో ఎడ్వర్డ్ (1901–1910). జి.ఆర్. అయిదో జార్జిదీ కావచ్చు, ఆరో జార్జిదీ కావచ్చు. ఇవి మామూలు బజారు కత్తుల మీదా ఉంటాయి. కత్తులకు పేరుపడ్డ ఇంగ్లండ్ ఊరు షెఫీల్డ్ పేరు పక్కన 'ఇంగ్లండ్' అని కూడా కొట్టి ఉంటే చాలావరకు 1891 తర్వాతది. దిగుమతులపై దేశం పేరుండాలన్న అమెరికా నిబంధన అప్పుడే అమలైంది. లేనంత మాత్రాన పాతదని కాదు. హ్యారీ బ్రేర్లీ షెఫీల్డ్‌లో స్టెయిన్‌లెస్ ఉక్కు చేసింది 1913లో. కాబట్టి స్టెయిన్‌లెస్ అలుగును విక్టోరియా కాలంనాటిదంటే కొనకండి.

దొంగ ముద్రను తుప్పు గుంటలు పట్టిస్తాయి. చుట్టూ తుప్పు తిన్న లోహం ఉండి, ముద్ర అడుగు మెరుస్తూ, అంచులు పదునుగా ఉంటే అది ఈమధ్య కొట్టింది. అసలు ముద్ర లోపల కూడా తుప్పు అంతే తినేసి ఉంటుంది.

పిడి కొమ్ముదా, ప్లాస్టిక్కా అన్నది వచ్చే పాఠం. అప్పటిదాకా కాల్చిన సూది గుచ్చి పరీక్షించకండి. సెల్యులాయిడ్ అయితే భగ్గున అంటుకుంటుంది.