కూపర్స్‌టౌన్‌కి రెండోసారి వెళ్తుంటే

న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్‌కి మళ్లీ వెళ్లాలనుకుంటే జులై చివరి వారాంతం వదిలేయండి. అక్కడి బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి (మేటి ఆటగాళ్లను గౌరవించే మ్యూజియం) కొత్తవాళ్లను చేర్చుకునే వేడుక సాధారణంగా అప్పుడే. చిన్న ఊరు, ఇసుక వేస్తే రాలదు. సెప్టెంబరు హాయి.

మొదటిసారి అన్నీ పరుగు పరుగున చూసేసి ఉంటారు కదా, ఈసారి మ్యూజియంలో, చేరినవాళ్ల కంచు ఫలకాలుండే హాల్లోనే ఓ గంట గడపండి. నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ 1962లో చేరారు. కానీ ఆయన వర్ణవివక్ష గోడను బద్దలుకొట్టిన సంగతి ఫలకం మీదికి ఎక్కింది 2008లో, పాతది మార్చి కొత్తది పెట్టినప్పుడే. ఆ వాక్యాలు నిదానంగా చదవండి. నాకైతే అక్కణ్నుంచి కాళ్లు కదల్లేదు.

బయటికొస్తే డబుల్‌డే ఫీల్డ్ అనే బేస్‌బాల్ మైదానం నడిచే దూరమే. వేసవిలో వెళ్తే మాత్రం కారు ఊరి శివార్లలో పెట్టి ట్రాలీ ఎక్కండి, పార్కింగ్ టెన్షన్ ఉండదు.