సెటిల్ అయ్యేలోపు సంతోషంగా ఉండడం ఎలా

ఇరవైల్లో ఉన్నవాళ్లు చుట్టాలకు కనిపిస్తే వచ్చే ప్రశ్న ఒకటే: "ఇంకా సెటిల్ కాలేదా?" ఉద్యోగం వచ్చినవాళ్లను పెళ్లి గురించి అడుగుతారు, పెళ్లయినవాళ్లను ఇల్లు కొన్నారా అని అడుగుతారు. అది విని విని మనమూ అన్నిటినీ వాయిదా వేయడం మొదలుపెడతాం. రిజల్ట్ వచ్చాక బీచ్‌కి పోదాం, జీతం పెరిగాక మంచి గిన్నెలు కొందాం, సొంత ఇల్లు వచ్చాక మొక్కలు పెంచుదాం అనుకుంటాం. ఈలోపు నెలలు గడిచిపోతాయి.

నాకు ఇరవై ఐదేళ్లు. ఇందుకూరుపేట వైపు ఒక ఆక్వా ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నా. రైతులు రొయ్యల గుంటల నుంచి సీసాల్లో తెచ్చే నీళ్లు పరీక్ష చేసి చెప్పడం నా పని. నెల్లూరులో మైపాడు గేటు దగ్గర ఒక స్నేహితురాలితో కలిసి గదిలో ఉంటున్నా. తను గ్రూప్-2కి చదువుతోంది. చుట్టాల లెక్కలో ఇద్దరం సెటిల్ కాలేదు. అయినా మా రోజులు బాగానే ఉంటాయి, ఎందుకంటే వాటికి మేం కొన్ని ఏర్పాట్లు చేసుకున్నాం. మీకూ పనికొస్తాయని అవి రాస్తున్నా.

ముందుగా, మీ రోజులో మనసు బాగా దిగిపోయే వేళ ఏదో కనిపెట్టండి. ఇది నేను గుంటల దగ్గర నేర్చుకున్నా. పగలు నీళ్లలోని నాచు ఎండను వాడుకుని ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి ఆ పని ఆగిపోతుంది, కానీ రొయ్యలు, నాచు, అడుగు బురద అన్నీ ఆక్సిజన్‌ను వాడుకుంటూనే ఉంటాయి. అందుకే తెల్లవారుజామున, పొద్దు పొడవకముందు, నీళ్లలో కరిగి ఉండే ఆక్సిజన్ (మేం డీవో అంటాం) అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. తెలిసిన రైతు ఆ వేళకు నీళ్లను చిలికి గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకుంటాడు, కరెంటు పోతే వెయ్యడానికి జనరేటర్‌లో డీజిల్ ఉంచుకుంటాడు. రొయ్యలు పైకి తేలాక పరిగెడితే సగం పంట పోయినట్టే. మనకూ రోజులో అలాంటి వేళ ఒకటి ఉంటుంది. వారం రోజులు ఏదైనా పాత నోటుబుక్కులో పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఒక్కో మాట రాయండి: "బాగుంది", "చిరాకు", "నిద్ర", "దిగులు". వారం చివర చూస్తే అదే మాట అదే వేళకు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

నాకది సాయంత్రం ఏడు గంటలు. బస్సు దిగి, గది తాళం తీసి, లైటు వేసి, ఫోన్ పట్టుకునే సమయం. స్టేటస్‌లలో ఒకరు బెంగళూరు ఆఫీసులో, ఒకరు నిశ్చితార్థంలో, ఇంకొకరు కొత్త కారు పక్కన. వాళ్లందరూ నాకు ఇష్టమైనవాళ్లే, కానీ అలసిపోయి ఉన్నప్పుడు వాళ్ల సంతోషం కూడా బరువుగా తగులుతుంది. అందుకని ఆ ఏడు గంటలకు ముందే ఒక పని పెట్టుకున్నా. బస్సు దిగగానే గదికి పోకుండా పూలమ్మ దగ్గర ఆగుతా. ఎండాకాలమైతే మూర మల్లెపూలు, చలికాలమైతే చామంతి. ఆమెతో రెండు మాటలు మాట్లాడి పూలు పెట్టుకుని, గదికి వెళ్లి స్నానం చేస్తా. తరవాతే ఫోన్. అప్పటికి అవే ఫోటోలు చూసినా గుచ్చుకోవు.

ఆ వేళకు మీరు ఏది పెట్టుకున్నా మూడు విషయాలు చూసుకోండి. కాళ్లూ చేతులూ కదలాలి. ఇరవై నిమిషాలకు మించకూడదు, లేకపోతే నాలుగో రోజు మానేస్తారు. అన్నిటికంటే ముఖ్యం, ఆ పని ఎవరి రిజల్ట్ మీదా, ఎవరి రిప్లై మీదా ఆధారపడకూడదు. స్నేహితుడికి మెసేజ్ పెట్టి జవాబు కోసం చూడడం ఈ లెక్కలోకి రాదు. డాబా మీద తొట్టిలో తోటకూరకు నీళ్లు పోయడం వస్తుంది.

ఇక ఉద్యోగం. రోజులో ఎక్కువ భాగం అక్కడే పోతుంది కాబట్టి అక్కడ ఏమీ లేకపోతే సాయంత్రం ఎన్ని పూలు కొన్నా చాలదు. మీ పనిలో ఏ ఒక్క పని చేస్తుంటే మీకు చూడబుద్ధవుతుందో వెతకండి. నాకది రిఫ్రాక్టోమీటర్. గుంట నీళ్లలో ఉప్పు ఎంతుందో చూసే చిన్న గొట్టం. దాని గాజు మీద ఒక చుక్క నీళ్లు వేసి, మూత వేసి, కిటికీ వెలుగు వైపు పట్టి కన్ను పెట్టి చూస్తే లోపల పైన నీలం, కింద తెలుపు కనిపిస్తాయి. రెండూ కలిసే గీత ఏ అంకె దగ్గరుంటే ఉప్పు అంత. రెండు సెకన్ల పని. చేసిన ప్రతిసారీ ఆ నీలాన్ని ఒక్క క్షణం ఎక్కువ చూస్తా. గుంట నీళ్లలోని బ్యాక్టీరియాను పెంచి చూసే ప్లేట్లు కూడా అంతే, ఆకుపచ్చ జెల్లీ మీద రాత్రికి రాత్రి పసుపు చుక్కలు, ఆకుపచ్చ చుక్కలు లేస్తాయి. ఆకుపచ్చవి ఎక్కువైతే రొయ్యలకు జబ్బు భయం, రైతుకు టెన్షన్, నాకూ టెన్షనే. అవి లేని రోజు "గ్రీన్ కాలనీలు లేవన్నా, ధైర్యంగా ఉండండి" అని ఫోన్‌లో చెప్పే అవకాశం మాత్రం ఇంకెవరికీ ఇవ్వను, నేనే చెప్తా. మీ పనిలోనూ మంచి కబురు చెప్పే ఘట్టం ఒకటి ఉంటుంది. బ్యాంకులో లోన్ వచ్చిందని చెప్పడం, బడిలో పేపర్లు ఇవ్వడం, మెడికల్ షాపులో దొరకని మందు తెప్పించి ఇవ్వడం. దాన్ని ఎవరికీ వదిలేయకండి.

బస్సు గురించి కూడా చెప్పాలి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో టికెట్ డబ్బులు లేవు. ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ ఇస్తారు. డబ్బు మిగలడం ఒక లాభం. ఆదివారం ఎటైనా పోవాలంటే ఇంట్లో ఎవరినీ డబ్బులు అడగక్కర్లేకపోవడం ఇంకా పెద్ద లాభం. నేను రోజూ వెళ్లే బస్సులో కుడివైపు కిటికీ సీటు కోసం ఒక స్టాపు వెనక్కి నడిచి ఎక్కుతా. ఆ సీటు దొరికితే జనవరిలో పచ్చటి వరి, మార్చిలో కోతలు, ఆ తరవాత ఎడగారు (రెండో పంట) నాట్లు, ఇంకాస్త ముందుకు పోతే గుంటల్లో తిరిగే ఏరేటర్ల తెల్లటి నురగ. అదే దారిని ఏడాది పొడవునా చూస్తే బోర్ కొడుతుందనుకుంటారు. ఒక్క పొలాన్ని గుర్తుపెట్టుకుని దాన్నే రోజూ చూడండి, కొట్టదు. నేను చూసే పొలం గట్టు మీద ఒక తాటిచెట్టు ఉంది. ఆ పొలం ఎవరిదో నాకు తెలియదు, కానీ తుఫానుకు నీళ్లు నిలిచిన రోజు ఆ రైతు కోసం నిజంగా బాధపడ్డా.

సోమవారం అంటే భయపడేవాళ్లకు మా గది పద్ధతి చేపల పులుసు. నెల్లూరు పులుసు వండిన పూట కంటే మర్నాడు రుచిగా ఉంటుందని ఇక్కడ ప్రతి ఇంట్లో తెలుసు. ఆ మాటనే వాడుకున్నాం. ఆదివారం సాయంత్రం వండి సోమవారం కోసం ఉంచుతాం. ఇద్దరికైతే అరకిలో చేప చాలు, బొమ్మిడాయిలు దొరికితే అదృష్టం, లేకపోతే కొరమేను. నూనెలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు వేగాక పసుపు, కారం, ఉప్పు, టమాటా వేయాలి. పెద్ద నిమ్మకాయంత చింతపండు పిసికి ఆ పులుసు పోసి బాగా మరగనివ్వాలి. పచ్చివాసన పోయి నూనె పైకి తేలాకే చేప ముక్కలు. అవి వేశాక గరిటె పెట్టకూడదు, ముక్క చితికిపోతుంది. గుడ్డతో దబర అంచులు పట్టుకుని అటూ ఇటూ తిప్పాలి. పుల్ల మామిడికాయ ముక్కలు చివర్లో, ముందే వేస్తే కరిగిపోతాయి. దించేముందు వేయించి దంచిన మెంతిపొడి చిటికెడు. ఫ్రిజ్ లేకపోతే పడుకునే ముందు ఒకసారి, పొద్దున ఒకసారి మరిగించండి. సోమవారం పొద్దున నిద్ర లేవగానే మొదట గుర్తొచ్చేది ల్యాబ్ కాదు, ఆ దబర. మాంసం తిననివాళ్లు ఆదివారం దోశపిండి కలిపి పెట్టుకోండి, సోమవారం పులిబొంగరాలు వేసుకోవచ్చు. ఏ వంటయినా సరే, సోమవారానికి అందేటట్టు ఆదివారమే మొదలుపెట్టాలి.

మా స్నేహితురాలు నాకు నేర్పింది ఇంకొకటుంది. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెల పండగ జరుగుతుంది. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఇల్లు రొట్టె అని కోరికకో రొట్టె. ఏదైనా కోరుకునేవాళ్లు చెరువు నీళ్లలో నిలబడి, ఆ కోరిక తీరినవాళ్ల దగ్గర రొట్టె తీసుకుంటారు. తీరాక మళ్లీ వచ్చి ఇంకొకరికి ఇస్తారు. మతం ఎవరూ అడగరు, ఎక్కడెక్కడి నుంచో వస్తారు. 2025లో జూలైలో వచ్చింది, ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తుంది. అక్కడ మా స్నేహితురాలు ఉద్యోగం రొట్టె తీసుకుంది. ఇచ్చిన ఆవిడ ఎవరో మాకు తెలియదు. మోకాలి లోతు నీళ్లలో తన కొడుకు ఎన్నేళ్లు చదివాడో, ఎట్ట వచ్చిందో చెప్పి, "నీకూ వస్తుంది పాపా, వచ్చినాక నువ్వు వచ్చి ఇయ్యాల" అంది. స్నేహితురాలికి ఉద్యోగం ఇంకా రాలేదు. కానీ ఆ రాత్రి నుంచి తను ఒక పని మొదలుపెట్టింది: వచ్చాక ఇద్దామనుకున్నవాటిలో ఇప్పుడే ఇవ్వగలిగింది ఇవ్వడం. పక్కింటి పిలకాయలకు లెక్కలు చెప్తుంది, ఊరికే. మధ్యాహ్నం చదువు తలకెక్కని ఆ గంటే వాళ్లది. వాళ్లు వెళ్లాక తన ముఖం చూస్తే నాకు తెలిసిపోతుంది ఆ గంట ఎంత బాగా గడిచిందో. మీరు సెటిల్ అయ్యాక చేద్దామనుకున్న మంచి పనులు రాసుకోండి. వాటిలో డబ్బు లేకుండా, పదవి లేకుండా ఈ వారమే చేయగలిగింది కచ్చితంగా ఒకటి ఉంటుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ పద్ధతులు మామూలు దిగులుకే. రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోయినా, ఇష్టమైన తిండి కూడా వద్దనిపించినా, బతకాలని లేదనిపించినా పూలూ పులుసూ సరిపోవు. 14416కి ఫోన్ చేయండి. అది టెలీమానస్, ప్రభుత్వానిది, డబ్బులు తీసుకోరు, ఏ వేళైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. గదిలో ఉన్నవాళ్లకు కూడా చెప్పండి. మీతో ఉండేవాళ్లు అలా మారితే మీరే నంబరు కలిపి ఇవ్వండి.

చివరగా నాకు అన్నిటికంటే ఇష్టమైంది, నెలకొకసారి వచ్చేది. మన సముద్రం తూర్పున ఉంది కాబట్టి మైపాడు బీచ్‌లో సూర్యుడు సముద్రంలో అస్తమించడం కనిపించదు. కానీ పౌర్ణమినాడు చంద్రుడు ఇంచుమించు పొద్దు వాలే వేళకు సముద్రంలోంచి లేస్తాడు. వెనక ఆకాశం ఇంకా ఎర్రగా ఉండగానే ముందు పెద్ద చంద్రుడు. ఒక్కరోజు ఆలస్యంగా వెళ్తే దాదాపు ముప్పావుగంట, గంట చీకట్లో ఎదురు చూడాల్సి వస్తుంది. ముందురోజు వెళ్తే పొద్దు పోకముందే పైకి వచ్చేసి తెల్లగా పాలిపోయి ఉంటాడు. కాబట్టి గోడ క్యాలెండర్‌లో పౌర్ణములకు ఇప్పుడే గుర్తు పెట్టుకోండి. కార్తీక పౌర్ణమి పేరుకు పెద్దది కానీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు, మబ్బు పట్టే అవకాశం ఎక్కువ. మాఘం, ఫాల్గుణం బాగుంటాయి. నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్లు. సముద్రంలో లోపలికి దిగకండి, చీకటి పడ్డాక అసలే వద్దు. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. తినడానికి ఏదైనా గదిలోనే చేసి పట్టుకెళ్తే ఒడ్డున కూర్చున్నంతసేపూ లేవక్కర్లేదు. దిగేటప్పుడే ఆఖరి బస్సు ఎన్నింటికో కండక్టర్‌ను అడగండి, దానికి ముందు బస్సుకే తిరిగి రండి.