గోదాము నుంచి నెల్లూరు దాకా: డేటా ఫ్లో చిత్రంలో తప్పులు పట్టుకోవడం, దిద్దుకోవడం

చెన్నైలో రెడ్‌హిల్స్ వైపు ఉన్న ఒక గోదాము నుంచి నెల్లూరుకూ విజయవాడకూ సరుకు పంపే సంస్థలో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టడానికి ముందు, అక్కడి పని తీరును డేటా ఫ్లో చిత్రంగా గీసే బాధ్యత నాకు అప్పగించారు. జరిగే పనులను గడులుగా, వాటి మధ్య నడిచే సమాచారాన్ని బాణాలుగా చూపే చిత్రం అది. గోదాములోనూ లెక్కల గదిలోనూ పనిచేసేవారిలో చాలామంది తెలుగువారే కావడం వల్ల, వారు చెప్పింది చెప్పినట్టు రాసుకోగలిగాను. అయినా మొదటి చిత్రం తప్పుల తడకే అయింది. ఆ తప్పులు బయటపడిన వరుసలోనే వాటిని ఇక్కడ రాస్తున్నాను.

లక్షణం: చిత్రం చూసినవారు, "ఇది మా లారీ వెళ్లే దారి కదండీ" అంటారు.

కారణం: బాణాల మీద సరుకు ప్రయాణిస్తోంది. డేటా ఫ్లో చిత్రం చూపవలసింది సమాచారాన్ని మాత్రమే.

పరిష్కారం: ప్రతి బాణం దగ్గరా ఆగి, దాని మీద వెళ్లేది కాగితమా, ఫోనులో చెప్పిన మాటా, తెర మీది అంకెలా అని అడగాలి. "బియ్యం బస్తాలు" అని రాసిన బాణాన్ని తీసేసి, ఆ బస్తాలతో పాటు వెళ్లే ఇన్‌వాయిస్, లారీ రసీదు, గేట్ పాస్ వంటి వాటికి వేరువేరు బాణాలు గీయాలి. గడిలో మాత్రం "ఆర్డరు సరిచూడడం" వంటి పని పేరు ఉండాలి. "గోదాము" అనేది చోటు పేరు, అది గడిలో ఉండకూడదు.

లక్షణం: చిత్రాన్ని అందరూ ఒప్పుకున్నారు, కానీ దాని ప్రకారం చేసిన సాఫ్ట్‌వేర్‌లో ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం) పని సగంలో ఆగిపోతోంది.

కారణం: గడిలోంచి బయటకు వచ్చే దానికి కావలసిన సమాచారమంతా ఆ గడిలోకి రావడం లేదు. ఏమీ లోపలికి రాకుండానే ఫలితం వచ్చే గడిని ఈ విద్యలో "అద్భుతం" అంటారు. దాన్ని ఎవరైనా పట్టుకుంటారు. కొంత వచ్చి కొంత రాని గడే ప్రమాదం, ఎందుకంటే బాణం ఒకటి కనిపిస్తుంది కాబట్టి కన్ను అక్కడ ఆగదు. నా చిత్రంలో ఇన్‌వాయిస్ లోపలికి వెళ్లేది, ఈ-వే బిల్లు బయటకు వచ్చేది. ఒక సాయంత్రం గోదాములో కూర్చున్నప్పుడు, ఇన్‌వాయిస్‌లన్నీ కట్టగా అట్టకు బిగించి ఉండడమూ, ప్రతి దాని మీదా బండి నంబరు రాసే చోటు ఖాళీగా ఉండడమూ గమనించాను. సూపర్‌వైజరును అడిగితే, "నంబరు మాకు రాత్రి ఎనిమిదికి గాని తెలియదండీ, ట్రాన్స్‌పోర్టు వాళ్లు ఫోను చేసి చెప్పాలి" అన్నారు. ఆ ఫోను నా చిత్రంలో ఎక్కడా లేదు.

పరిష్కారం: ఆ గడిని రెండుగా విడగొట్టాలి. రాష్ట్రం దాటే సరుకు విలువ 50,000 రూపాయలు మించితే ఈ-వే బిల్లు కావాలి. అందులో పార్ట్ ఎ సరుకు వివరాలది, పార్ట్ బి వాహనానిది. మొదటి దానికి ఇన్‌వాయిస్ చాలు. రెండో దానికి ట్రాన్స్‌పోర్టు సంస్థ అనే బయటి పక్షం నుంచి వాహన సంఖ్య రావాలి. బిల్లు చెల్లుబాటు గడువు పార్ట్ బి నింపినప్పటి నుంచే మొదలవుతుంది కాబట్టి ఈ విభజన అలంకారం కోసం చేసింది కాదు. మామూలు సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు లెక్కన, సుమారు 175 కిలోమీటర్ల దూరంలో ఉన్న నెల్లూరుకు ఒక రోజు, సుమారు 450 కిలోమీటర్ల విజయవాడకు మూడు రోజులు గడువు వస్తుంది. దారిలో లారీ చెడిపోయి సరుకును వేరే బండికి మార్చితే పార్ట్ బిని మళ్లీ నింపాలి. అందువల్ల వాహన సంఖ్య బాణం ఒకసారి వచ్చి ఊరుకునేది కాదని చిత్రం పక్కన రాసి ఉంచడం మంచిది.

లక్షణం: పనిని క్లుప్తంగా చూపే పై స్థాయి చిత్రానికీ, వివరంగా చూపే కింది స్థాయి చిత్రానికీ పొంతన కుదరదు.

కారణం, పరిష్కారం: కింద దిద్ది పైన మరిచిపోవడం. వాహన సంఖ్యను కింది చిత్రంలో చేర్చిన రోజునే, మొత్తం వ్యవస్థను ఒకే గడిగా చూపే కాంటెక్స్ట్ చిత్రంలోకి కూడా అది రావాలి.

లక్షణం: స్టాకు పుస్తకం నుంచి ఖాతాల పుస్తకానికి నేరుగా బాణం ఉంది.

కారణం, పరిష్కారం: నిలవ ఉన్న సమాచారం తనంతట తాను కదలదు. ఆ రెండింటి నడుమ ఎవరో ఒకరు కూర్చుని ఎత్తి రాస్తున్నారు. ఆ పనికి ఒక గడి ఇవ్వాలి.

లక్షణం: సరుకు చేరిపోయినా బిల్లుల తగాదాలు తెగవు.

కారణం: దుకాణదారు సంతకం చేసిన లారీ రసీదు తిరిగి వచ్చి, "డెలివరీ నమోదు" అనే గడిలోకి వెళ్లి అక్కడే మాయమవుతోంది. లోపలికి వెళ్లడమే తప్ప బయటకు ఏదీ రాని ఇటువంటి గడిని బ్లాక్ హోల్ అంటారు. నెల్లూరు నుంచి తిరిగి వచ్చిన ఒక రసీదు వెనక "2 పెట్టెలు తడిసినవి" అని నీలి సిరాతో రాసి ఉంది. ఆ మాటను చదివి ముందుకు పంపే దారి చిత్రంలోనూ లేదు, ఆఫీసులోనూ లేదు.

పరిష్కారం: ఆ గడి నుంచి రెండు బాణాలు రావాలి. ఒకటి కిరాయి చెల్లింపుకు, రెండోది తరుగు, నష్టం వివరాలతో క్రెడిట్ నోటు (దుకాణదారు బిల్లులో ఆ మేరకు తగ్గిస్తూ ఇచ్చే పత్రం) తయారీకి. అంతా సవ్యంగా జరిగిన రోజును మాత్రమే గీసిన చిత్రంలో ఈ రెండో బాణం ఎప్పుడూ ఉండదు. అందుకే గీసేవారు చెడిపోయిన సరుకు రసీదులనే ముందుగా అడిగి చూడాలని నా గట్టి అభిప్రాయం.

లక్షణం: ఆలస్యం ఎక్కడ జరుగుతోందని అడిగితే చిత్రం జవాబు చెప్పదు.

కారణం: డేటా ఫ్లో చిత్రంలో కాలమూ, నిర్ణయాల వరుసా ఉండవు. దాన్ని ఆ పనికి సాగదీస్తే రెండూ చెడతాయి.

పరిష్కారం: ఒక్కొక్కరికి ఒక్కో వరుస కేటాయించే స్విమ్‌లేన్ చిత్రాన్ని విడిగా గీసి, పైన గంటలు గుర్తించాలి. మేము అలా గీసినప్పుడు ఇన్‌వాయిస్ వేసిన సాయంత్రం 4 గంటల నుంచి రాత్రి 8 దాకా ట్రాన్స్‌పోర్టు వరుస ఖాళీగా కనిపించింది. యజమాని ఆ ఖాళీ మీద వేలు పెట్టి, బండి నంబరు కోసం మనవైపు నుంచి ముందుగా ఎవరైనా ఫోను చేస్తున్నారా అని అక్కడికక్కడే సూపర్‌వైజరును అడిగారు.