బీరువా తలుపు మూతపడింది

మా బీరువా తలుపు మోకాలితో నెడితే గానీ మూతపడేది కాదు. అయినా ఆఫీసుకి బయల్దేరే ముందు రోజూ అదే టెన్షన్, ఏం కట్టుకోవాలని.

సంక్రాంతి సెలవుల్లో అన్నీ తీసి మంచం మీద పోశాను. చీరలు 64. కట్టేవి 15 కూడా లేవు. అసలు చిక్కు చీరలతో కాదు, జాకెట్లతో అని అప్పుడు అర్థమైంది. సగం బిగుతైపోయాయి, మిగతావి ఒక్కో చీరకే నప్పే రంగులు. లోపల గుడ్డ వదిలి కుట్టినవాటిని వదులు చేయించాను. కొత్తగా మూడే కుట్టించాను: నలుపు, మెరూన్, కలంకారీ. మంగళగిరి, వెంకటగిరి నూలు చీరలు 11 ఉన్నాయి, అన్నింటి మీదకీ ఈ మూడే వేస్తున్నాను.

పెళ్లి పట్టుచీర విప్పితే ప్రాణం ఉసూరుమంది. మడత వెంట దారాలు విడిపోయి వెలుతురు కనిపిస్తోంది. కలరా ఉండలు నేరుగా జరీ మీదే పెట్టాను, ఆ చోట నల్లబడింది. ఇప్పుడు పట్టుచీరలన్నీ పాత నూలు పంచెల్లో చుట్టి, మూడు నెలలకోసారి మడత మారుస్తున్నాను.

బాగున్నవి అక్కకీ పిన్నికీ ఇచ్చాను. పాతవి స్టీలు సామాన్లవాడికి వేస్తే మూత డబ్బా వచ్చింది. అమ్మ కట్టిన గద్వాల చీర మాత్రం పై అరలో ఉంచుకున్నాను. కట్టను. అయినా ఇవ్వను.