గ్యాస్ గీజర్ కొనే ముందు గోడ చూసుకోండి

చాలామంది గీజర్‌ను ముందు కొనేసి, దాన్ని ఎక్కడ బిగించాలన్నది ప్లంబర్ వచ్చాక ఆలోచిస్తారు. గ్యాస్ ఆదా కావడమైనా, స్నానానికి వెళ్లినవారు క్షేమంగా బయటికి రావడమైనా ఆ చోటును బట్టే ఉంటుంది కనుక పని అక్కడినుంచే మొదలుపెట్టాలి.

మోడల్ ఎంపిక తేలిక. ఒక బాత్‌రూమ్‌కు నిమిషానికి 6 లీటర్ల గీజర్ చాలు, అంతకు మించి కొనవద్దు. సిలిండర్ గ్యాస్‌తో నడిచేదానిపై ఐఎస్‌ఐ గుర్తుతో పాటు ఐఎస్ 15558 అన్న సంఖ్య ఉండాలి. పైపు గ్యాస్ ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే రెండింటికీ బర్నర్‌లోకి గ్యాస్‌ను వదిలే సన్నని రంధ్రాలు (జెట్లు) వేరు. మంట ఆరితే గ్యాస్‌ను ఆపేసే ఏర్పాటు తప్పనిసరి. డిజిటల్ అంకెలు వృథా ఖర్చు.

ఇక చోటు. గీజర్‌ను బాత్‌రూమ్ లోపల పెట్టకూడదు. మూసిన గదిలో బర్నర్ మండేకొద్దీ ఆక్సిజన్ తగ్గి, మంట సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. వంటగ్యాస్ లీకైతే తెలియడానికి అందులో ఘాటైన వాసన కలుపుతారు; కార్బన్ మోనాక్సైడ్ అనే ఈ విషవాయువుకు మాత్రం రంగూ లేదు, వాసనా లేదు. తల తిరుగుతున్నదని గుర్తించేసరికి తలుపు గడియ తీసే ఓపిక కూడా ఉండకపోవచ్చు.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందిగా అన్న సమాధానాన్ని నేను ఒప్పుకోను. ఒక్కరోజు దాన్ని వేయడం మరచిపోతే చాలు. కిటికీ మాటా అంతే, చలికాలంలో దాన్ని తెరిచి స్నానం చేసేవారు ఎందరు? గాలి ధారాళంగా ఆడే బాల్కనీలోనో వాష్ ఏరియాలోనో, వాన జల్లు పడని గోడకు బిగించాలి.

అయితే మరీ దూరంగానూ పెట్టరాదు. అరంగుళం పైపు 10 మీటర్లుంటే అందులో లీటరుకు పైగా నీరు నిలుస్తుంది. కుళాయి కట్టిన ప్రతిసారీ ఆ వేడినీరు పైపులోనే చల్లారుతుంది. అందుచేత బాత్‌రూమ్ గోడకు అవతలివైపు ఉన్న చోటే ఉత్తమం; పైపుకు ఫోమ్ తొడుగు వేయించాలి. 20 లీటర్ల బకెట్‌ను 25 డిగ్రీలనుంచి 42కు కాచడానికి 80 శాతం సామర్థ్యం గల గీజర్‌కు సుమారు 40 గ్రాముల గ్యాస్ పడుతుంది. 85 శాతం గలదానితో మిగిలేది బకెట్‌కు రెండు గ్రాములకు కాస్త ఎక్కువ, ఆ మాత్రం పొడవాటి పైపులోనే పోతుంది.

నీటి ఒత్తిడి చాలకపోతే బర్నర్ వెలగదు కనుక, పెట్టెపై రాసిన కనీస ఒత్తిడి మీ ట్యాంకునుంచి అందుతుందో లేదో ప్లంబర్‌తో ముందే చూపించుకోవాలి. బోరు నీళ్లయితే గొట్టాల్లో గార కట్టి గ్యాస్ ఎక్కువ కాలుతుంది, ఏటా శుభ్రం చేయించాలి.