కొత్త క్రిప్టో టోకెన్‌కి ఎకనామిక్స్ డిజైన్ చేయడం ఎలా

అందరూ ముందు టోటల్ సప్లై ఎంత పెట్టాలి అని అడుగుతారు, అది తర్వాత చూసుకోవచ్చు, ముందు ఈ టోకెన్ ఎవరు ఎందుకు కొంటారు, కొన్నాక ఎందుకు అమ్మకుండా ఉంచుకుంటారు అనేది ఒక్క వాక్యంలో రాయండి. రాయలేకపోతే టోకెన్ అక్కర్లేదు.

అసలు దెబ్బ తగిలేది అన్‌లాక్‌ల దగ్గరే, అంటే ఆపి ఉంచిన టోకెన్లు అమ్ముకోడానికి విడుదలయ్యే రోజుల్లోనే. మొత్తం 100 కోట్ల టోకెన్లు, టీమ్‌కి 20 కోట్లు, 4 ఏళ్ల వెస్టింగ్ (వాటా విడతలుగా చేతికి రావడం), ఏడాది క్లిఫ్ (మొదటి ఏడాది ఏమీ రాదు, అది నిండిన రోజు ఆ ఏడాది వాటా అంతా ఒకేసారి వస్తుంది) అనుకుందాం. అప్పటికి మార్కెట్‌లో తిరిగేవి 10 కోట్లే అయితే, క్లిఫ్ అయిన రోజు ఒకేసారి 5 కోట్లు వచ్చి పడతాయి, అంటే సర్క్యులేషన్ ఒక్కరోజులో 50 శాతం పెరిగిపోతుంది, నమ్మి కొన్నవాళ్లు ఏమైపోవాలి చెప్పండి? అదే ఆ రోజు ఏమీ ఇవ్వకుండా తర్వాత 36 నెలలు సమానంగా పంచితే నెలకి 55 లక్షల చిల్లరే, మార్కెట్ తట్టుకోవడం చాలా తేలిక.

స్టేకింగ్ రివార్డ్ (టోకెన్లు లాక్ చేసి ఉంచినందుకు ఇచ్చే ప్రతిఫలం) ఎక్కడినుంచి వస్తుందో కూడా తేల్చుకోండి. ఫీజుల నుంచి వస్తే సరే, ఊరికే కొత్తవి మింట్ చేసి (పుట్టించి) ఇస్తే అది ఉన్నవాళ్ల వాటా పలచన చేయడమే. బిట్‌కాయిన్‌లో కొత్త కాయిన్లు వస్తూనే ఉన్నా ప్రతి 2,10,000 బ్లాకులకి (బ్లాక్ అంటే లావాదేవీల కట్ట) బ్లాక్ చేర్చినవాళ్లకి ఇచ్చే రివార్డ్ సగమవుతుంది, 2009లో బ్లాక్‌కి 50 కాయిన్లు, 2024 నుంచి 3.125. ఎథీరియంలో అయితే 2021 ఆగస్టు నుంచి బేస్ ఫీజు (ప్రతి లావాదేవీకి కట్టాల్సిన కనీస రుసుము) బర్న్ అవుతోంది, అంటే ఆ కాయిన్లు శాశ్వతంగా చెలామణిలోంచి పోతాయి. లాంచ్‌కి ముందే 48 నెలలకి నెలకో వరుస చొప్పున షీట్ వేసి, బయటికొచ్చే టోకెన్లు, కొనేవాళ్ల అంచనా పక్కపక్కన పెట్టి చూడండి.