సమస్య - పరిష్కారం: న్యూజిలాండ్ పార్శిల్ ఎందుకు ఆగింది?

అనంతపురం టవర్‌క్లాక్ దగ్గర నాకు చిన్న పార్శిల్ బుకింగ్ కౌంటర్ ఉంది. "అన్నా, పిల్లకు పంపిన డబ్బా ఇంకా చేరలేదు" అని ఫోన్ వస్తే నేను ట్రాకింగ్ నంబరు తర్వాత అడుగుతాను. ముందు అడిగేది ఒకటే, ఫారంలో ఏం రాశారని. చుట్టూ సముద్రమున్న దేశాలకు పంపేటప్పుడు సగం గొడవలు అక్కడే మొదలవుతాయి. కింద చెప్పేవి ఎక్కువగా న్యూజిలాండ్ సంగతులు. మా దగ్గరి నుంచి ఎక్కువ పోయేది, ఎక్కువ ఆగేది అక్కడే.

ట్రాకింగ్‌లో వారం రోజులుగా "హెల్డ్ బై కస్టమ్స్" అనే ఉంది

పోయినేడు రాప్తాడు వైపు నుంచి ఒకామె డబ్బా తెచ్చింది. హార్లిక్స్ సీసాల్లో చెనిగ్గింజల పొడి, నువ్వుల పొడి, ఒక కవర్లో నిప్పట్లు. "ఏముంది నాయనా, తినేవి అని రాసెయ్" అంది. నేనూ రద్దీలో "హోమ్ మేడ్ ఫుడ్ ఐటమ్స్" అని ఒక్క ముక్క రాసి పంపించాను. తప్పు నాదే. ఆక్లాండ్‌లో ఆగిపోయింది.

చెనిగ్గింజల పొడి అంటే మనకు వాసనతో సహా తెలుసు. అక్కడి ఆఫీసరుకు తెలియాల్సింది వేరే: గింజలు పచ్చివా, వేయించినవా? భూమిలో వేస్తే మొలుస్తాయా? ఇంకేం కలిపారు? అందుకని ఒక్కో వస్తువుకూ ఒక్కో వరుస రాయాలి. "వేయించిన వేరుశనగ, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉప్పు కలిపి దంచిన పొడి, 500 గ్రాములు, 2 సీసాలు, ఇంత ధర." ఫారం ఇంగ్లీషులో నింపాలి కాబట్టి తెలుగు పేరును ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టి వదిలేయకండి. సీసా మీద కూడా అదే చీటీ అంటించండి.

ఇప్పటికే ఆగిపోయి ఉంటే, అక్కడున్న మనిషి తన మెయిల్ చూసుకోవాలి. వివరాలు అడిగితే వరుసలవారీ జాబితా, బిల్లులు, ఫొటోలు పంపాలి. వస్తువు రిస్కు ఉన్నదని తేలితే సాధారణంగా మూడు దారులు చెబుతారు: శుద్ధి చేయించుకోవడం, వెనక్కి పంపడం, నాశనం చేయడం. ఖర్చు మనదే. నాలుగు వందల రూపాయల పొడి కోసం దానికి పదింతలు కట్టొద్దనే నేను చెబుతాను. ఆ రాప్తాడు ఆమె మాత్రం నిప్పట్ల కోసం నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

డబ్బా చేరింది, కానీ విప్పి కొన్ని తీసేశారు

దొంగతనం అనుకుని పోట్లాటకు పోకండి. లోపల చీటీ ఉందేమో చూడండి. తేనె పెట్టారా? న్యూజిలాండ్ అక్కడి తేనెటీగల కోసం తేనెను రానివ్వదు. పాలకోవా పెట్టారా? మన పశువుల్లో గాలికుంటు ఉంది, ఆ దేశంలో ఆ జబ్బు ఇప్పటిదాకా రాలేదు. అందుకే పాలు, మాంసం కలిసిన వాటిని అంత పట్టిపట్టి చూస్తారు. అమ్మలు చీర మడతలో దాచి పెట్టే గోంగూర విత్తనాలు, కరివేపాకు రెబ్బలు అయితే ఎక్స్‌రేలోనే దొరికిపోతాయి. దాచి పెట్టినవి దొరికితే మిగతా డబ్బానూ అనుమానంగానే చూస్తారు.

ఇంకోటి, నిల్వ గింజలను తినే ఖాప్రా పురుగు. రెండు మూడు మిల్లీమీటర్లుంటుంది. దాని లార్వా తిండి లేకుండా ఏళ్ల తరబడి అట్టపెట్టె మడతల్లో బతికుండగలదు. పుట్టిల్లు మన ఉపఖండమే. దీని భయంతోనే ఆస్ట్రేలియా 2020లో వేరుశనగ, కందులు, ధనియాలు, జీలకర్ర, ఎండుమిర్చి, బియ్యం లాంటివి ఇళ్ల నుంచి వచ్చే పార్శిళ్లలో రాకుండా ఆపేసింది. చూడండి, మన వంటింటి డబ్బాలన్నీ వరుసగా చదివినట్టే ఉంది! కాబట్టి గింజలు పంపొద్దు. వేయించి పొడి చేసిన వాటికి కూడా ఆ దేశం నిబంధన చూసుకున్నాకే బుక్ చేయండి. కిరాణా కొట్టు పాత అట్టపెట్టె, గోనెసంచి, కింద పరిచే వరిగడ్డి వద్దేవద్దు. కొత్త పెట్టె ఖరీదు ఎంతని!

తోలుబొమ్మ ల్యాంప్‌షేడ్‌ను పట్టుకున్నారు

ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో కొన్నవి చాలామంది పంపుతుంటారు. ఫారంలో "లెదర్ ల్యాంప్" అని రాస్తారు. మన బొమ్మల తోలు చెప్పుల తోలులా టానింగ్ అయినది కాదు. మేకతోలును శుభ్రం చేసి, గీకి, వెలుతురు కనబడేంత పల్చగా ఆరబెట్టి రంగులు వేస్తారు. అక్కడివాళ్లు విప్పి చూస్తే రాసింది ఒకటి, ఉన్నది ఒకటి. "శుభ్రం చేసి ఆరబెట్టిన మేకతోలు, రంగులు వేసిన అలంకరణ వస్తువు" అని ఉన్నదున్నట్టు రాసి, తయారీదారు బిల్లు జత చేయండి. తనిఖీ తప్పకపోవచ్చు, అబద్ధం రాశారన్న మాట తప్పుతుంది.

చెక్కపెట్టె దగ్గర ఆగింది

పెట్టె మీద ఐఎస్‌పీఎం 15 ముద్ర, అంటే చెక్కను పురుగు లేకుండా శుద్ధి చేశారని చెప్పే కంకి బొమ్మ గుర్తు, లేదన్నమాట. చెక్క లోపలి దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగిలితే వేడి శుద్ధి అయినట్టు. వడ్రంగి కొట్టిచ్చిన పచ్చి చెక్కపెట్టెకు ఆ ముద్ర రాదు. ప్లైవుడ్ వాడండి, దానికి ఈ నిబంధన లేదు.

పన్ను కట్టమని నోటీసు వచ్చింది

సరుకు విలువ 1000 న్యూజిలాండ్ డాలర్లు దాటితే 15 శాతం జీఎస్టీ, ఫీజులు, ఉంటే సుంకం కట్టాలి. తీసుకునేవాళ్లకు అక్కడి కస్టమ్స్ క్లయింట్ కోడ్, అంటే కస్టమ్స్ వాళ్లిచ్చే గుర్తింపు నంబరు, కూడా కావాలి. పెళ్లి పట్టుచీరలు నాలుగు కలిపి పంపితే విలువ అక్కడికి తేలిగ్గా చేరుతుంది. ధర తగ్గించి రాయమని నన్ను అడుగుతారు, రాయను. బిల్లు చూపమంటే దొరికిపోయేది మీ పిల్లే.

ఇండియా దాటనేలేదు

ఇంటి పార్శిలైతే ఆధార్ కాపీ మసకగా ఉందేమో, తీసుకునేవాళ్ల ఫోన్ నంబరు, పోస్ట్‌కోడ్ తప్పాయేమో చూడండి. అమ్మకం సరుకును "గిఫ్ట్" అని పంపితే మాత్రం పని నడవదు. దానికి ఐఈసీ, అంటే ఎగుమతి - దిగుమతి కోడ్, కావాలి. విదేశీ వాణిజ్యం చూసే కేంద్ర ప్రభుత్వ కార్యాలయం డీజీఎఫ్‌టీ సైట్లో 500 రూపాయలు కట్టి తీసుకోవచ్చు, మీ పాన్ నంబరే ఆ కోడ్. ఏటా ఏప్రిల్ - జూన్ మధ్య వివరాలు మారకపోయినా సరే ఒకసారి లాగిన్ అయి కన్ఫర్మ్ చేయాలి. లేకపోతే కోడ్ డీయాక్టివేట్ అవుతుంది, ఆ సంగతి సరుకు బుక్ చేసే రోజున తెలుస్తుంది.